నల్లపొడిలో తరుగు

బంగారం చేయించుకున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన మాటలు రెండు: మజూరీ, తరుగు. మజూరీ చేతిపనికి ఇచ్చేది. తరుగు, కరిగించి సాగదీసి ఆకురాయి పెట్టేటప్పుడు రజనుగా రాలిపోయిందని లెక్క రాసేది. కంసాలి తన పీట చుట్టూ ఉన్న దుమ్మును పారబోయడు. ఊడ్చి దాచి, కొన్నాళ్ళకోసారి కడిగించి అందులో బంగారం తీసుకుంటాడు. కొట్ల ముందు కాలవలో మట్టి ఎత్తి, కడిగి, ఆ రజను ఏరుకుని బతికిన కుటుంబాలు పాత ఊళ్ళలో ఉండేవి.

హైదరాబాదు చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారంలోనూ, విశాఖ దగ్గర పరవాడలోనూ ఉన్న మందుల ఫ్యాక్టరీల్లో ఇదే వ్యవహారం రోజూ నడుస్తుంది. అక్కడి లోహం పలాడియం. అది బంగారంలా మెరవదు. బొగ్గుపొడిలో కలిసి, కంటికి ఆనకుండా ఉంటుంది. ఆ నల్లపొడి కొన్ని బ్యాచ్‌లు పనిచేసి అలసిపోయాక దాన్ని స్పెంట్ కేటలిస్ట్ అంటారు. డ్రమ్ములకెత్తి రిఫైనరీకి పంపితే లోహం తిరిగి వస్తుంది. ఎంత వస్తుందన్నదే ప్రశ్న.

నేను చాలా ఏళ్ళు హైడ్రోజనేషన్ బ్లాకులో, అంటే పదార్థాలకు హైడ్రోజన్ కలిపే విభాగంలో, కెమిస్టుగా పనిచేశాను. రికవరీ అంటే రిఫైనరీ వాళ్ళ పని అని మొదట్లో నేనూ అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నా అభిప్రాయం మారింది. రిఫైనరీ తన చేతికి వచ్చిన దాంట్లోంచి లోహం దాదాపు అంతా తీయగలదు. దాని చేతికి అసలు ఎంత చేరుతుందన్నది మన ఫిల్టరు దగ్గర, మన డ్రమ్ముల దగ్గర తేలిపోతుంది.

పొడి చేసే పని

ఉత్ప్రేరకం, అంటే కేటలిస్ట్, పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. ఇద్దరిని కలిపి, తాను పక్కకు తప్పుకుని, ఇంకో సంబంధం వెతుక్కుంటుంది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో ఈ గుణానికి పేరు పెట్టాడు. హైడ్రోజన్ వాయువులో రెండేసి పరమాణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. పలాడియం ఉపరితలం మీద వాలగానే ఆ పట్టు వీడిపోతుంది. విడిపోయిన హైడ్రోజన్ పక్కనున్న సేంద్రియ పదార్థంతో సులువుగా కలుస్తుంది.

దీని విలువ తెలియాలంటే పాత పద్ధతి చూడాలి. పారాసెటమాల్‌కు ముందు మెట్టు పారా అమైనోఫినాల్. దాన్ని పారా నైట్రోఫినాల్ నుంచి తయారుచేయడానికి ఇనుప పొడి, ఆమ్లం వాడేవారు. ఇనుము ఆ చర్యలో ఖర్చైపోయి, బ్యాచ్ బ్యాచ్‌కీ నల్లటి మడ్డిగా గుట్టలు పడేది. ఆ మడ్డిని ఎక్కడ పోయాలన్నది ప్రతి ఫ్యాక్టరీకీ తలనొప్పి. అదే పనిని హైడ్రోజన్, ఉత్ప్రేరకంతో చేస్తే పక్కన మిగిలేది నీరు. ఇన్ని మందుల తయారీలో హైడ్రోజనేషన్ ఇంతగా పాతుకుపోవడానికి ఇదొక పెద్ద కారణం.

పలాడియాన్ని ముద్దగా వేస్తే లాభం లేదు, పని జరిగేది ఉపరితలం మీదే. అందుకే దాన్ని యాక్టివేటెడ్ కార్బన్ మీద పరుస్తారు. ఈ బొగ్గు ఒక గ్రాములో ఉండే సందుగొందులన్నీ విప్పి పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పాతిక సెంట్ల స్థలం. ఆ స్థలం నిండా కొన్ని నానోమీటర్ల సైజు పలాడియం రేణువులు చల్లి ఉంటాయి. సాధారణంగా పొడి బరువులో 5 శాతం, లేదా 10 శాతం లోహం ఉంటుంది. నిప్పు అంటుకోకుండా సగానికి సగం నీటితో తడిపి డ్రమ్ముల్లో పంపుతారు.

అలసిపోవడం వేరు, పోవడం వేరు

సిద్ధాంతంలో ఉత్ప్రేరకం అరగదు. ప్లాంటులో మాత్రం ప్రతి బ్యాచ్‌కీ కొంత నీరసిస్తుంది. దానికి కారణాలు రెండు రకాలు. ఈ తేడా పట్టుకుంటే మిగతా విషయమంతా విడిపోతుంది.

మొదటి రకంలో లోహం ఉన్నచోటే ఉంటుంది, దాని చురుకు మాత్రం పోతుంది. ముడిసరుకులో గంధకం ఉన్న మలినం కాస్త ఉన్నా పలాడియం మీద కూర్చుని లేవదు. దీన్ని విషం పట్టడం అంటారు. తారు లాంటి పదార్థాలు బొగ్గు రంధ్రాలను పూడ్చేస్తాయి. వేడి ఎక్కువైతే చిన్న రేణువులు ఒకదాన్నొకటి చేరి పెద్దవవుతాయి, సాంబారు మీద నూనె బొట్లు కలిసి పెద్ద బొట్టయినట్టు. ఉపరితలం తగ్గి పని మందగిస్తుంది. ఈ మూడింటిలోనూ ఒక్క మిల్లీగ్రాము లోహం కూడా పోలేదు. రిఫైనరీకి పంపితే అంతా అందులోనే ఉంటుంది.

రెండో రకంలో లోహమే జారిపోతుంది. కొన్ని చర్యల్లో, ముఖ్యంగా ఆమ్లాలు, అమీన్లు ఉన్నచోట, పలాడియం కొద్దిగా కరిగి ద్రావణంలోకి వెళ్తుంది. గిలక్కొట్టే ఎజిటేటర్ దెబ్బకు బొగ్గు రేణువులు నలిగి, సన్నటి నలుసులు ఫిల్టరు గుడ్డలోంచి దాటిపోతాయి. ఇక మనుషుల చేతుల్లో ఒలికేది, కడిగేది, అంటుకుపోయేది వేరే ఉంది.

మా బ్లాకులో బ్యాచ్ ఆలస్యమైతే కేటలిస్ట్ నీరసించిందని వెంటనే చెప్పేవాళ్ళం. కొత్తది కొంచెం కలిపి నడిపించేవాళ్ళం. అది నీరసించిందా, తగ్గిపోయిందా అని అడిగినవాడు లేడు.

ఫిల్టరు దగ్గర ఒక రాత్రి

చర్య పూర్తయ్యాక హైడ్రోజన్ వదిలేసి, నైట్రోజన్‌తో రియాక్టరును కడిగి, సరుకును స్పార్క్లర్ ఫిల్టరులోకి తోస్తాం. పలకల మధ్య గుడ్డ మీద కేటలిస్ట్ నల్లటి కేకులా నిలుస్తుంది. మందు ఉన్న ద్రావణం కిందికి దిగుతుంది. తర్వాత కేకును సాల్వెంట్‌తో, ఆపైన నీటితో కడగాలి. చివరి ఆ నీటి కడుగు దగ్గర ఎవరూ తొందరపడకూడదు.

కారణం ఇది. పలాడియం తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్ల హైడ్రోజన్‌ను లోపల దాచుకోగలదు. వాడేసిన కేటలిస్ట్‌లో ఆ హైడ్రోజన్ ఇంకా మిగిలి ఉంటుంది. తడి ఆరి గాలి తగిలితే తనంతట తానే వేడెక్కుతుంది. పక్కన మిథనాల్ ఆవిరి ఉంటే అంటుకుంటుంది. మిథనాల్ మంట వెలుతురులో సరిగా కనబడదు కూడా.

ఉద్యోగంలో చేరిన ఏడాదే నాకది అనుభవమైంది. రాత్రి షిఫ్టు, వెనక ఇంకో బ్యాచ్ కాచుకుని ఉంది. నీటి కడుగు కాస్త తగ్గించి ఫిల్టరు విప్పించాను. తప్పు నాదే. మూడో పలక ఎత్తేసరికి గుడ్డ అంచున ఎండిన చోట బీడీ నిప్పంత ఎర్రటి చుక్క కనిపించింది. నేను చూస్తూ నిలబడిపోయాను. ఆపరేటరన్న మాత్రం అప్పటికే గొట్టం అందుకుని నీళ్ళు పట్టాడు. పలకలన్నీ తడిపి, చుట్టూ నేలంతా తడిపి, అప్పుడు నా వైపు తిరిగి, "అది ఎండిందంటే మన మాట ఇనదు సార్" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అతను ఆ ఫిల్టరు దగ్గరే పనిచేస్తున్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. నేలంతా నల్లనీళ్ళు. వాటిని బ్రష్షుతో కాలవలోకి తోసి, కడిగి, షిఫ్టు పుస్తకంలో ఫిల్టర్ వాష్ అని రాశాం. నెలాఖరున మెటల్ అకౌంట్‌లో పలాడియం తక్కువ వచ్చిందని స్టోర్స్ వాళ్ళు అడిగినప్పుడు ఆ నీళ్ళు గుర్తొచ్చాయి. కేకును తడిగా ఉంచడం ప్రాణరక్షణకు ఎంత అవసరమో లోహరక్షణకూ అంతే అవసరమని ఆ రోజు అర్థమైంది. నిప్పంటుకున్న చోట ఒలికిపోతుంది, ఒలికింది కాలవలో పోతుంది.

జారిపోయే దారులు

తర్వాత ఆ దారులన్నీ ఒక్కొక్కటే వెతికాను. ఫిల్టరు గుడ్డ మొదటిది. మార్చిన గుడ్డ మడతల్లో, కుట్టుల్లో నల్లపొడి ఉంటుంది. దాన్ని చెత్తడబ్బాలో వేస్తే లోహం కూడా చెత్తలోకి పోయినట్టే. ఆ గుడ్డల్ని కూడా విడిగా డ్రమ్ముకెత్తి రిఫైనరీకి పంపవచ్చు. వాటిని కాల్చి బూడిదలోంచి లోహం తీస్తారు.

రెండోది కొత్త కేటలిస్ట్ వచ్చిన డ్రమ్ము, లోపలి పాలిథిన్ సంచి. తడిపొడి కాబట్టి సంచి గోడలకు అంటుకుని ఉంటుంది. రెండుసార్లు నీళ్ళు పోసి తొలిచి, ఆ నీటిని కూడా రియాక్టరులో పోయాలి. అంతా కలిపి ఐదు నిమిషాల పని.

మూడోది ఫిల్టరు దాటిన ద్రావణం. కరిగిన పలాడియం మందులో మిగలకూడదు. ఔషధాల్లో లోహ మలినాలకు అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ క్యూ3డీ మార్గదర్శకం, నోటితో వేసుకునే మందుల ద్వారా శరీరంలోకి చేరే పలాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదంటుంది. దానికోసం గంధకం ఉన్న సిలికా పొడులో, కార్బనో వేసి లోహాన్ని పట్టి తీస్తారు. కేటలిస్ట్‌కు విషమైన గంధకం ఇక్కడ మనకు వలలా పనికొస్తుంది. అయితే మందు శుభ్రమైందని సంతోషించి, లోహం పట్టిన ఆ పొడిని మామూలు వ్యర్థంలో కలిపేస్తే పట్టుకున్న చేపను మళ్ళీ నీళ్ళలో వదిలినట్టే.

నాలుగోది అన్నిటికన్నా మామూలు పొరపాటు, అన్నిటికన్నా ఖరీదైనది కూడా. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో, మందుల తయారీ కింద, స్పెంట్ కేటలిస్ట్ సంఖ్య 28.2. రంగు తీయడానికి వాడి పారేసే స్పెంట్ కార్బన్ సంఖ్య 28.3. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ తడిగానే ఉంటాయి, ఒకే రకం డ్రమ్ముల్లో ఒకే షెడ్డులో నిలబడి ఉంటాయి. లేబుల్ మీద ఒక్క అంకె తేడా. మొదటిది రిఫైనరీకి పోవాలి. రెండోది చాలా చోట్ల సిమెంటు బట్టీలో ఇంధనంగా కాలిపోతుంది. లేబుల్ వానకు చెరిగో, తొందరలో తారుమారయ్యో మొదటిది రెండో దారి పడితే ఆ పలాడియం ఏదో గోడ సిమెంటులో కలిసిపోతుంది. దాన్ని ఇక ఎవరూ తేలేరు.

తేమ దగ్గర తగువు

రిఫైనరీకి చేరిన డ్రమ్ముల్లో ఎంత లోహం ఉందో రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. ఇక్కడే ఎక్కువ తగువులు. 200 కిలోల తడిపొడి ఉందనుకుందాం. తేమ 50 శాతమైతే ఎండు బరువు 100 కిలోలు. అందులో 5 శాతం లోహమంటే 5 కిలోల పలాడియం. తేమ కొలవడంలో రెండు శాతం తేడా వస్తే ఎండు బరువులో 4 కిలోలు, లోహంలో 200 గ్రాములు మారిపోతాయి. లెక్క కోసం గ్రాము 3,000 రూపాయలనుకుంటే ఆ తేడా 6 లక్షలు.

డ్రమ్ములో నీరు సమానంగా ఉండదు. పైన పొడిగా, అడుగున జావలా ఉంటుంది. పైనుంచి ఒక గరిటెడు తీసి నమూనా అంటే అది నమూనా కాదు. అందుకే మంచి రిఫైనరీలు సరుకంతా కాల్చి, బూడిదను మెత్తగా నూరి, ఏకంగా కలిపి, దాంట్లోంచి నమూనా తీస్తాయి. ఒకటి తమకు, ఒకటి పంపినవారికి, ఇంకోటి తగువు వస్తే తెరవడానికి సీలు వేసి పెడతారు. అమ్మే ఫ్యాక్టరీ తరఫున ఒక కెమిస్టు ఆ తూకం దగ్గర నిలబడితే తర్వాత ఉత్తరప్రత్యుత్తరాలు చాలా తగ్గుతాయి. పొలంలో ధాన్యం కాటా వేసేటప్పుడు రైతు పక్కనుండడం లాంటిదే ఇది.

బూడిద నుంచి లోహం

ఆ పైన జరిగే రసాయనం పాతదే, నమ్మకమైనదే. ముందు బొగ్గును, అంటుకున్న తారును నియంత్రించిన వేడిలో కాల్చేస్తారు. పొగను రెండో గదిలో మళ్ళీ కాల్చి, స్క్రబ్బరులో కడిగి వదలాలి. మిగిలిన బూడిదలో కొంత పలాడియం ఆక్సైడుగా మారి ఆమ్లానికి లొంగదు. దాన్ని ఫార్మిక్ ఆమ్లంతోనో హైడ్రోజన్‌తోనో తిరిగి లోహం చేస్తారు. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరిన్ పంపితే కరిగి ముదురు ఎరుపు గోధుమ రంగు ద్రావణం అవుతుంది.

ఇందులో ఇనుము, నికెల్, ఇంకా ఏవేవో ఉంటాయి. అమోనియా కలిపితే పలాడియం ద్రావణంలో నిలిచి, ఇనుము లాంటివి కిందికి దిగుతాయి. వడకట్టి మళ్ళీ ఆమ్లం పోస్తే పలాడియం పసుపుపచ్చటి లవణంగా పేరుకుంటుంది. అవసరమైతే కరిగించి మళ్ళీ పేరబెడతారు. చివరికి దాన్ని లోహంగా మార్చితే బూడిదరంగు స్పాంజి లాంటి పలాడియం, 99.95 శాతం శుద్ధితో. దాన్ని మళ్ళీ కరిగించి కొత్త బొగ్గు మీద పరిస్తే కొత్త కేటలిస్ట్. ఫ్యాక్టరీ కట్టేది మజూరీ, తగ్గిన తరుగుకు లోహం ధర. పాత నగ ఇచ్చి కొత్త నగ చేయించుకున్నట్టు, లోహం అదే తిరుగుతుంది.

కొత్త పలాడియం ఎక్కడినుంచి వస్తుందో చూస్తే ఈ తిరుగుడు విలువ తెలుస్తుంది. ప్రపంచానికి కావలసిన పలాడియంలో అధిక భాగం రష్యాలోని నోరిల్స్క్, దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ గనులవే. మనదేశం దాదాపు అంతా దిగుమతి చేసుకుంటుంది. బుష్‌వెల్డ్ రాయిలో ప్లాటినం జాతి లోహాలన్నీ కలిపి టన్నుకు 5 గ్రాములు అటూ ఇటూ. మన 100 కిలోల ఎండు కేటలిస్ట్‌లో ఉన్న 5 కిలోల కోసం అక్కడ లోతైన గనుల్లోంచి వెయ్యి టన్నులకు మించి రాయి పైకి తేవాలి. పైగా ఈ లోహంలో ఎక్కువ భాగం కార్ల పొగగొట్టాల్లోని కన్వర్టర్లకే పోతుంది కాబట్టి ధర మన చేతిలో ఉండదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో ఔన్సు 3,000 డాలర్లు దాటింది. తర్వాత రెండేళ్ళలో మూడో వంతుకు దిగింది. ధర దిగినప్పుడు డ్రమ్ముల మీద శ్రద్ధ కూడా దిగిపోవడం నేను చూశాను. కాలవలోకి పోయిన లోహం ధర పెరిగాక తిరిగి రాదు.

నికెల్ గతి

పలాడియానికి కనీసం ధర కాపలా కాస్తుంది. హైడ్రోజనేషన్‌కే వాడే మరో ఉత్ప్రేరకం రేనీ నికెల్‌కు అదీ లేదు. అమెరికా ఇంజనీరు ముర్రే రేనీ 1920లలో పత్తిగింజల నూనెను గడ్డకట్టించడానికి దీన్ని కనిపెట్టాడు. నికెల్, అల్యూమినియం మిశ్రమంలోంచి అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాతో కరిగించేస్తే తేనెపట్టులా మిగిలే నికెల్ ఇది. దీన్ని కూడా నీటిలోనే ఉంచాలి, ఎండితే అంటుకుంటుంది. నికెల్ చౌక కాబట్టి వాడేసినదాని మీద లక్ష్యం ఉండదు. నికెల్ సమ్మేళనాలు మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. కనుక విలువ తక్కువైనంత మాత్రాన జాగ్రత్త తగ్గకూడదు. నికెల్ లవణాలు తయారుచేసే అనుమతి ఉన్న యూనిట్లకు పంపితే అది కూడా తిరిగి వాడకంలోకి వస్తుంది.

అనుమతి అన్న మాట ఊరికే అనలేదు. నిబంధనల ప్రకారం ఇలాంటి వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ చేయకూడదు. పంపినప్పుడు మానిఫెస్ట్ రాయాలి, అందుకునేవారికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. కాగితం లేకుండా రెండు రూపాయలు ఎక్కువిస్తానని వచ్చేవాడు ఆ డ్రమ్మును ఏ రేకుల షెడ్డు వెనకో బయటే కాలుస్తాడు, ఆమ్లం ఏ కాలవలోనో పోస్తాడు. పటాన్‌చెరు పక్కన నక్కవాగు ఫ్యాక్టరీల నుంచి ఎలాంటి నీళ్ళు మోసిందో, దాని ఒడ్డు ఊళ్ళ రైతులు ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. లోహం వెనక్కి రావడం ఎంత ముఖ్యమో ఏ దారిలో వచ్చిందన్నదీ అంతే ముఖ్యం.

బోర్డు మీద ఒక గడి

ప్రతి బ్లాకులోనూ గోడకు ఒక తెల్లబోర్డు ఉంటుంది. బ్యాచ్ నంబరు, మొదలైన టైము, దిగుబడి అందులో రాస్తారు. దిగుబడి అర శాతం తగ్గితే మేనేజరు కిందికి దిగివస్తాడు. పలాడియం ఎంత వేశాం, ఎంత వెనక్కి తీశాం అన్న గడి ఆ బోర్డు మీద నేనెప్పుడూ చూడలేదు. ఆ లెక్క స్టోర్స్‌లో, అకౌంట్స్‌లో ఉండేది. డ్రమ్ము తొలిచే మనిషికి మాత్రం తెలిసేది కాదు.

నేను షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయ్యాక ఆ గడి గీయించాను. వేసిన తడిపొడి బరువు, తీసిన కేకు బరువు, రెంటి తేమ, మార్చిన గుడ్డలెన్ని. ఐదు అంకెలు, అంతే. మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. రెండో వారం ఆ ఆపరేటరన్నే ఖాళీ సంచిని దీపానికి అడ్డంగా పట్టుకుని చూసి, అంటుకున్న నలుపు కనబడ్డంత మేరా మూడోసారి నీళ్ళు పోసి తొలిచాడు. రెండుసార్లు చాలు కదన్నా అన్నాను. "ఇంకా ఉంది సార్, పోనియ్యొద్దు" అని ఆ నీళ్ళు తీసుకెళ్ళి రియాక్టరులో పోశాడు.